అండమాన్ షామాను వినడం, చూడడం, నమోదు చేయడం: సమగ్ర మార్గదర్శి

అండమాన్ దీవుల అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండని పాట పిట్టల్లో అండమాన్ షామా ఒకటి. శాస్త్రవేత్తలు దీన్ని కాప్సైకస్ ఆల్బివెంట్రిస్ అంటారు. ఆ పేరులోని రెండో మాటకు తెల్లని పొట్ట గలది అని అర్థం. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియాన్ని చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1850ల చివర్లో దీన్ని తొలిసారి వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం పాటు దీన్ని మన తూర్పు కనుమల్లోనూ పడమటి కనుమల్లోనూ ఉండే షామాకు ఒక ఉపజాతిగానే లెక్కించారు. ఇటీవలి దశాబ్దాల్లోనే దీనికి విడి జాతిగా గుర్తింపు వచ్చింది. రాలిన ఆకుల మధ్య, నేలకు దగ్గరగా ఉండే కొమ్మల మీద పురుగులను ఏరుకుని బతికే ఈ పిట్ట వెలుతురు తక్కువగా ఉండే దట్టమైన అడవినే ఇష్టపడుతుంది. అందువల్ల అండమాన్ వెళ్లి వారం రోజులు తిరిగి వచ్చినా దీన్ని చూడనివారే ఎక్కువ.

చూడలేకపోవడానికి పిట్ట అరుదుగా ఉండడం కారణం కాదు, మనం వెతికే పద్ధతే కారణం. సముద్రపు పక్షులనో కొంగలనో చూసినట్టు నడుచుకుంటూ, బైనాక్యులర్ తిప్పుకుంటూ పోతే ఇది దొరకదు. ముందుగా చెవికి తర్ఫీదు ఇచ్చి, సరైన వేళకు సరైన చోటికి చేరి, అక్కడ కదలకుండా కూర్చోవాలి. ఆ క్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా, నా అనుభవంలో పనికొచ్చిన మేరకు, ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఇంటి దగ్గరే చెవికి తర్ఫీదు

ప్రయాణానికి నెల రోజుల ముందు మొదలుపెట్టవలసిన పని ఇది. మన ఊళ్లలో పెరటి చెట్ల మీద, డాబా పిట్టగోడల మీద, కరెంటు తీగల మీద తెల్లవారుజామున పాడే పెద్ద నలంచి షామాకు చాలా దగ్గరి బంధువు. రెండూ కాప్సైకస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. వేసవి ఆరంభం నుంచి వానలు పడేదాకా మగ నలంచి రోజూ పాడుతుంది కాబట్టి దాని పాటను శ్రద్ధగా వినండి. ఒక చిన్న వరుస పాడి ఆగుతుంది, రెండు మూడు సెకన్ల తరువాత అదే వరుసను కొద్దిగా మార్చి మళ్లీ అందుకుంటుంది. ఈ ఆగడం, మార్చడం, అందుకోవడం అనే నడక చెవికి పట్టుబడితే షామా పాటను పోల్చుకోవడం సగం వచ్చినట్టే. షామా గొంతు మరింత గుండ్రంగా, వేణువు నాదంలా లోతుగా ఉంటుంది, మధ్యలో గరుకైన చిన్న శబ్దాలను కలుపుకుంటుంది.

వీలైతే తూర్పు కనుమల్లో మారేడుమిల్లి వైపో అరకు వైపో ఒక తెల్లవారుజామున వెళ్లి, వెదురు పొదల దగ్గర అక్కడి షామాను విని రండి. అడవిలో నీడ, ప్రతిధ్వని, ఇతర పక్షుల కూతల మధ్య ఒక గొంతును విడదీసి పట్టుకోవడం పెరట్లో నేర్చుకునే విద్య కాదు. ఇది కుదరనివారు పక్షి కూతలను భద్రపరిచే జీనో-కాంటో, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వంటి వెబ్‌సైట్లలో ఉన్న అండమాన్ షామా రికార్డింగులను రోజుకు పది నిమిషాల చొప్పున రెండు వారాలు వింటే సరిపోతుంది. పాట ఒక్కటే వింటే చాలదు. బెదిరినప్పుడు, హద్దు మీరిన మరో పక్షిని తరిమేటప్పుడు అది చేసే టక్ టక్ అనే పొడి శబ్దాన్ని కూడా వినాలి. నా లెక్కలో ఆ శబ్దమే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే పాట కొన్ని నెలల్లోనే జోరుగా ఉంటుంది, టక్ టక్ మాత్రం ఏడాది పొడుగునా వినిపిస్తుంది.

పక్షి పాట రికార్డింగుల చరిత్ర షామాతోనే మొదలయిందని చెప్పుకోవడం ఇక్కడ అప్రస్తుతం కాదు. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోక్ అనే బాలుడు ఎడిసన్ యంత్రపు మైనపు గొట్టం మీద తన పంజరంలోని షామా పాటను నమోదు చేశాడు. మనకు తెలిసినంతలో పక్షి పాటకు అదే తొలి రికార్డింగు. అది అండమాన్ పిట్ట కాదు, దాని ప్రధాన భూభాగపు బంధువు. ఆ పాటే ఆ జాతికి ముప్పు కూడా అయింది: ఆగ్నేయాసియాలో పంజరాల కోసం షామాలను అడవుల నుంచి ఎంతగా పట్టారంటే, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ సమావేశం 2022లో పనామాలో జరిగినప్పుడు ఆ జాతిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

రెండో మెట్టు: రూపాన్ని ముందే మనసులో నిలుపుకోవడం

అడవిలో మీకు ఈ పిట్ట రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువసేపు కనిపించకపోవచ్చు కాబట్టి, ఏమేమి చూడాలో ముందే తెలిసి ఉండాలి. తల, మెడ, రొమ్ము, వీపు నిగనిగలాడే నలుపు. పొట్ట తెలుపు. ఆ తెలుపుకు రెండు పక్కలా, తోక కిందా ఇటుక రంగు. మన కనుమల్లోని షామాకు రొమ్ము కింద నుంచి పొట్ట అంతా ఇటుక రంగే ఉంటుంది. రెంటికీ ముఖ్యమైన తేడా ఇదే. వీపు చివర, తోక మొదట్లో ఉండే తెల్లని మచ్చ పిట్ట ఎగిరి పోయేటప్పుడు చీకట్లో దీపంలా కనిపిస్తుంది. తోక పొడుగ్గానే ఉన్నా ప్రధాన భూభాగపు మగ షామా తోకంత పొడుగు కాదు. ఆడ పిట్ట మగదానిలాగే ఉంటుంది గాని రంగులు కాస్త వెలిసినట్టుంటాయి, తోక పొట్టిగా ఉంటుంది.

పొరపాటు పడే అవకాశం మూడు పక్షులతో ఉంది. అండమాన్‌లో కూడా పెద్ద నలంచి ఉంది, అది తోటల్లో, ఊళ్లలో, రోడ్ల వెంట కనిపిస్తుంది. దాని రెక్క మీద వెడల్పాటి తెల్లని పట్టీ ఉంటుంది, ఇటుక రంగు ఎక్కడా ఉండదు. నేల మీద ఆకులు తిరగేసే మరో పక్షి నారింజ రంగు తల గల త్రష్. ఆకుల చప్పుడు విని షామా అనుకుంటాం గాని తల కనిపించగానే సందేహం తీరిపోతుంది. మూడోది చూపుకు సంబంధించినది కాదు, వినికిడికి సంబంధించినది: తోక చివర రెండు పొడవైన ఈకలు వేలాడే ఏట్రింత జాతి పక్షి అండమాన్ అడవుల్లో చాలా సామాన్యం, అది ఇతర పక్షుల గొంతులను అచ్చంగా అనుకరిస్తుంది. పాట ఎత్తైన కొమ్మల నుంచి వస్తూ, ఒకదాని వెంట ఒకటిగా నాలుగైదు రకాల పక్షుల గొంతులు వినిపిస్తే అనుమానించాలి.

మూడో మెట్టు: కాలాన్ని ఎంచుకోవడం

అండమాన్‌లో ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నెల మధ్య నుంచి నైరుతి వానలు, ఆ తరువాత డిసెంబరు దాకా ఈశాన్య వానలు ఉంటాయి. కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే పొడి నెలలే కొత్తవారికి అనుకూలం. వాటిలోనూ నన్నడిగితే మార్చి చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా వెళ్లమంటాను. గూళ్లు కట్టే కాలం సమీపించేకొద్దీ మగ పక్షులు పాట పెంచుతాయి. ఎండ, ఉక్కపోత భరించాలి, కాని పాట వినకుండా ఈ పిట్ట కోసం వెళ్లడంలో అర్థం లేదు.

గడియారం విషయంలో మనవాళ్లు తరచూ పొరపాటు పడతారు. దేశమంతటికీ ఒకటే సమయం గాని అండమాన్ మనకు బాగా తూర్పున ఉండడం వల్ల అక్కడ విశాఖపట్నం కంటే సుమారు నలభై నిమిషాల ముందే సూర్యుడు ఉదయిస్తాడు. ఏప్రిల్ నెలలో ఐదు దాటిన కొద్దిసేపటికే తెల్లవారుతుంది. షామా అంతకంటే ముందే, ఇంకా చీకటిగా ఉండగానే పాట మొదలుపెడుతుంది. ఆరు గంటలకు బయలుదేరుదామనుకుంటే ఆ రోజు పోయినట్టే. నాలుగున్నరకల్లా మీరు అడవి అంచున ఉండాలి. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా మరో మంచి వేళ. మిగతా పక్షులు సద్దుమణిగిన తరువాత కూడా షామా కొంతసేపు పాడుతూనే ఉంటుంది.

నాలుగో మెట్టు: చోటును ఎంచుకోవడం

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, అయినా వాడుకలో రెండు పేర్లూ వినిపిస్తాయి. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి అక్కడికి ఓడలున్నాయి; ఓడ ప్రయాణానికి రెండు రోజులకు మించి పడుతుంది, పైగా విశాఖ ఓడ తరచుగా ఉండదు కాబట్టి తేదీలు చూసుకోవాలి. విమానంలో వెళ్లేవారే ఎక్కువ. పట్టణంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ముఖ్యంగా ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి తెలుగు మాట్లాడే ఆటో డ్రైవరు దొరకడం కష్టం కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు రమ్మని ఒకరిని ఒప్పించుకోవడమే అసలు పని. ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోండి.

కొత్తవారు మొదట వెళ్లవలసిన చోటు చిడియా టాపు. పట్టణానికి దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. సాయంత్రం సూర్యాస్తమయం చూడడానికి వచ్చే జనం తీరం దగ్గరే ఉంటారు. మీరు అక్కడిదాకా పోకుండా, ఊరు దాటిన తరువాత రోడ్డుకు ఇరువైపులా దట్టమైన అడవి ఉన్న మలుపుల దగ్గర దిగండి. రోడ్డు అంచున నిలబడే షామాను వినవచ్చు. లోపలికి చొరబడవలసిన అవసరం చాలాసార్లు ఉండదు.

రెండో చోటు మౌంట్ మణిపుర్ జాతీయ వనం. 1860ల ఆరంభంలో పోర్ట్ బ్లెయిర్ సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య హారియెట్ పేరు మీద దీన్ని మౌంట్ హారియెట్ అనేవారు. 1891లో బ్రిటిషువారితో జరిగిన యుద్ధం తరువాత ఇక్కడికి ప్రవాసం పంపిన మణిపుర్ వీరుల స్మృతిగా 2021లో పేరు మార్చారు. చాథమ్ రేవు నుంచి బంబూ ఫ్లాట్‌కు పడవ దాటి, అక్కడి నుంచి కొండ రోడ్డు ఎక్కాలి. జాతీయ వనానికి ప్రవేశ వేళలు, రుసుము ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున లోపల ఉండాలంటే అటవీ శాఖ కార్యాలయంలో ముందే అనుమతి అడగడం అవసరం. కొండ మీద నుంచి నల్ల రాళ్ల వైపు దిగే కాలిబాట నీడగా, ఆకుల పరుపు మందంగా ఉంటుంది. షామాకు అంతకంటే నచ్చే చోటు ఉండదనిపిస్తుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. దక్షిణ, మధ్య అండమాన్‌ల మధ్య ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. అక్కడ వాహనాలను గుంపుగా, కాపలాతో పంపుతారు; ఆగడం, దిగడం, ఫోటోలు తీయడం నేరం. ఎంత మంచి పాట వినిపించినా ఆ దారిలో పక్షులను చూసే ప్రయత్నం చేయకూడదు. విదేశీ పాస్‌పోర్టు గల తెలుగువారు ఏ దీవికి ఏ అనుమతి కావాలో బయలుదేరే ముందే విచారించుకోవాలి.

ఐదో మెట్టు: వెంట తీసుకెళ్లేవి

ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, 42 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న బైనాక్యులర్ చాలు. పది రెట్లది అడవి చీకట్లో చేయి వణుకును కూడా పది రెట్లు చేస్తుంది. ముదురు ఆకుపచ్చ లేదా మట్టిరంగు పూర్తి చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, ప్యాంటు అంచును లోపలికి దోపుకునే మేజోళ్లు, దోమల మందు, నీళ్లు, కూర్చోవడానికి చిన్న రబ్బరు పట్టా. తడి నెలల్లో జలగలుంటాయి. మడ అడవుల వాగుల దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి, నీటి అంచున కూర్చోవద్దు.

ఆరో మెట్టు: అడవిలో కూర్చోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించగలిగితే ఇది పాటించండి.

చీకట్లోనే ఎంచుకున్న చోటికి చేరి, మొదటి పాట వినిపించేదాకా నిలబడండి. విన్న వెంటనే అటు నడవవద్దు. ఐదారు నిమిషాల పాటు వింటూ పాట ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తు నుంచి వస్తోందో, పక్షి ఎన్ని చోట్లకు మారుతోందో గమనించండి. మగ షామా తన హద్దులో కొన్ని కొమ్మలనే మార్చి మార్చి వాడుకుంటుంది. ఆ కొమ్మల మధ్య, రాలిన ఆకులు మందంగా ఉండి, మోకాలెత్తున మొక్కలు పలుచగా ఉన్న జాగా ఒకటి కనిపిస్తుంది. తెల్లవారిన తరువాత అది మేతకు దిగేది అక్కడే. ఆ జాగాకు పదిహేను ఇరవై అడుగుల దూరంలో, వెనక చెట్టు బోదె ఉండేట్టు చూసుకుని, బైనాక్యులర్‌ను రొమ్ము ఎత్తున పట్టుకుని కూర్చోండి. వెనక చెట్టు ఉంటే మీ ఆకారం విడిగా తెలియదు. బైనాక్యులర్ ముందే పైకి పట్టి ఉంటే దాన్ని కళ్లకు ఎత్తే కదలిక చిన్నదవుతుంది. ఈ రెండు చిన్న జాగ్రత్తలకు ఉన్న విలువ అనుభవం మీద గాని తెలియదు.

కనీసం నలభై నిమిషాలు కూర్చోవాలి. మొదటి పదిహేను నిమిషాలు ఏమీ జరగదు, దోమలు తప్ప. ఆ తరువాత అడవి మిమ్మల్ని మరిచిపోయినట్టుగా చిన్న చిన్న చప్పుళ్లు తిరిగి మొదలవుతాయి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు చిడియా టాపు రోడ్డు వెంట నాలుగు గంటలు నడిచి, పాటను పదిసార్లు విని, పిట్టను ఒక్కసారీ చూడలేదు. మర్నాడు కాళ్లు నొప్పి పుట్టి ఒక పడిపోయిన మాను పక్కన కూర్చుండిపోయాను. అరగంట గడిచాక ఎడమ వైపు ఎండుటాకు ఒకటి దానంతట అదే తిరగబడినట్టనిపించింది. చూస్తే దాని వెనక షామా. ముక్కుతో ఆకు అంచు పట్టుకుని పక్కకు విసిరేసి, తల ఒక వైపు వంచి, ఆకు ఉన్న చోటును ఒంటి కంటితో పరీక్షగా చూసింది. రెండు గెంతులు వేసి మరో ఆకును విసిరింది. ఈసారి ఒక గోధుమరంగు పురుగు దొరికింది. దాన్ని నేలకేసి రెండుసార్లు కొట్టి, కాళ్లు ఊడిపోయాక మింగింది. తరువాత మోకాలెత్తు కొమ్మ మీదికి ఎగిరి వాలింది. వాలుతూనే తోకను నిటారుగా పైకి లేపి, మెల్లగా దించింది, ఆ లేపడంలో తోక కింది ఇటుక రంగు ఒక్క క్షణం పూర్తిగా కనిపించింది. నేను ఊపిరి తీసుకున్న చప్పుడుకో ఏమో టక్ టక్ మని, తెల్లని మచ్చ చూపించి వెళ్లిపోయింది. అంతా కలిపి ఒక నిమిషం ఉండదు.

చెప్పదలచుకున్నదేమిటంటే, కదిలే ఆకును వెతకండి. పిట్ట నల్లగా ఉంటుంది, నీడ నల్లగా ఉంటుంది, ఆ రెంటినీ కన్ను విడదీయలేదు. ఆకు కదలికను మాత్రం కనుకొస కూడా పట్టుకుంటుంది. ఈ అడవుల్లో షామా మేత చాలావరకు ఆ రాలిన ఆకుల పరుపు మీదే ఆధారపడి ఉంది. చెదలు, చీమలు, పెంకు పురుగులు, మిడతలు, సాలీళ్లు అందులోనే దాగుతాయి. బ్రిటిషువారు తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు అనేక దీవుల్లో అడవి కింది మొక్కలను మేసి పలుచన చేశాయి. నేలకు దగ్గరగా బతికే పక్షికి ఆ మొక్కలే మరుగు కాబట్టి, మీరు కూర్చున్న చోట కింది మొక్కలు ఎలా ఉన్నాయో, దుప్పుల అడుగుజాడలు ఉన్నాయో లేవో కూడా పుస్తకంలో రాసుకోండి.

ఏడో మెట్టు: పాటను రికార్డు చేయడం

మంచి ఫోను సరిపోతుంది. ఫోనును విమానం మోడ్‌లో పెట్టి, మైకు ఉన్న వైపును పాట వచ్చే దిక్కుకు తిప్పి, చేతులు కదలకుండా కనీసం ఒక నిమిషం రికార్డు చేయండి. వేవ్ రూపంలో భద్రపరిచే ఆప్ వాడితే ధ్వని వివరాలు పోవు. చివర్లో తేదీ, సమయం, స్థలం, పిట్టను కంటితో చూశారా లేక విన్నారా అనేది మెల్లగా మీ గొంతుతోనే చెప్పి ఆపండి. వారం తరువాత ఇంట్లో ఫైళ్లు తెరిచినప్పుడు ఆ నాలుగు మాటలే కాపాడతాయి. పాట మొదలు కాకముందు పది సెకన్లు, ముగిసిన తరువాత పది సెకన్లు అడవి ధ్వనిని ఉంచండి, కత్తిరించవద్దు.

ఎనిమిదో మెట్టు: పిట్టకు హాని చేయకుండా ఉండడం

రికార్డు చేసిన పాటను వినిపించి పిట్టను బయటికి రప్పించే అలవాటు ఫోటోలు తీసేవారిలో బాగా ఉంది. షామా విషయంలో అది సులువుగా పనిచేస్తుంది కూడా, తన హద్దులో మరో మగ పక్షి చొరబడిందనుకుని అది దూసుకు వస్తుంది. కనుకనే అలా చేయవద్దంటున్నాను. లేని ప్రత్యర్థి కోసం వెతుకుతూ అది మేత మానుతుంది, గూటికి దూరమవుతుంది. చిడియా టాపు వంటి చోటికి పొడి నెలల్లో రోజూ ఎవరో ఒకరు వస్తారు. వారిలో ప్రతి ఒక్కరూ ఐదేసి నిమిషాలు పాట వినిపిస్తే అదే హద్దులోని అదే పిట్ట సీజనంతా యుద్ధం చేస్తూనే ఉంటుంది. నలభై నిమిషాలు కూర్చునే ఓపిక ఉంటే ఆ అవసరమే రాదు.

షామా చెట్టు తొర్రల్లో, వెదురు గుబుర్లలో గూడు పెడుతుంది. ముక్కున పురుగుతో ఒకే దిక్కుకు పదే పదే వెళ్తున్న పిట్ట కనిపిస్తే దగ్గరలో గూడు ఉందని అర్థం. ఆ దిక్కున కొమ్మలు తొలగించి చూడవద్దు, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఫ్లాష్ వాడవద్దు. అండమాన్ షామాను గాని మన షామాను గాని పట్టడం, పంజరంలో ఉంచడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్మకానికి కనిపిస్తే అటవీ శాఖకు తెలియజేయాలి.

తొమ్మిదో మెట్టు: నమోదు

అదే రోజు సాయంత్రం, జ్ఞాపకం తాజాగా ఉండగానే ఈబర్డ్‌లో జాబితా నింపండి. షామా ఒక్కదాన్నే రాయకుండా ఆ నలభై నిమిషాల్లో మీరు గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాసి, పూర్తి జాబితా అని గుర్తు పెట్టాలి. అప్పుడే ఏ పక్షి లేదో కూడా ఆ జాబితా వల్ల తెలుస్తుంది. కూర్చుని చూసినది ఒకే చోటి గమనికగా, నడిచి చూసినది ప్రయాణపు గమనికగా వేరు వేరు జాబితాలు చేయండి. సంఖ్య రాయవలసిన చోట పక్షి ఉందని మాత్రమే తెలిపే గుణకం గుర్తు (X) పెట్టి వదిలేయకుండా, రెండు గొంతులు వినిపిస్తే రెండు అని రాయండి. పాడుతున్న పక్షికి సంతానోత్పత్తి సంకేతాల్లో దానికి తగినది ఎంచుకోండి, రికార్డింగును జత చేయండి.

వినడమే తప్ప చూడలేదంటే ఆ మాటే వ్యాఖ్యలో స్పష్టంగా రాయండి. ఏట్రింత అనుకరణ కావచ్చునన్న సందేహం కొంచెమైనా ఉంటే షామాను జాబితాలో చేర్చకుండా, రికార్డింగు ఉంచుకుని, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు అదే మలుపు దగ్గరికి మళ్లీ వెళ్లండి.